శుక్రవారం బ్యాడ్ టైము

ఉగాదికి కొత్త పంచాంగం అంచులకు పసుపు పూస్తుంటే, ఆ వాసనకు మా అవ్వా, చిత్తూరులో మా ఇంగ్లీషు క్లాసూ గుర్తొచ్చాయి. అప్పుడు తెల్లదొరల యుద్ధం రోజులు; కాలం బాగాలేదని ఎవరైనా అంటే సర్కారును తిట్టినట్టే లెక్క. లాంగ్ టైము, షార్ట్ టైము, గుడ్ టైము, బ్యాడ్ టైము అంటూ కాలాన్ని వర్ణించే మాటలు మా అయ్యవారు బట్టీ పట్టించారు. గుడ్ టైమంటే ముహూర్తమనీ, బ్యాడ్ టైమంటే రాహుకాలమనీ నేను అనుకున్నాను.

ఒక శుక్రవారం బడికి ఇన్‌స్పెక్టరు వచ్చారు. పెన్ను మూత తీసి, నన్ను లేపి, "ఇప్పుడు ఎట్లాంటి టైమో ఇంగ్లీషులో చెప్పమ్మా" అన్నారు.

"పదిన్నర దాటితే రాహుకాలం, కొత్త పనేదీ ముట్టుకోవద్దు మే" అని పొద్దున అవ్వ చెప్పి పంపింది.

"బ్యాడ్ టైము సార్" అన్నాను. అయ్యవారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బ్యాడా? ఎందుకు?"

"రాహుకాలం సార్. పన్నెండు దాకా ఉండాది."

ఇన్‌స్పెక్టరు జేబు గడియారం తీసి చూసుకున్నారు. పెన్నుకు మళ్లీ మూత బిగించారు.

"రిపోర్టు పన్నెండు దాటినాక రాస్తాను అయ్యవారూ. అందాకా మజ్జిగుంటే ఇప్పించండి."

అయ్యవారు ఊపిరి వదిలిన చప్పుడు వెనక బెంచీ దాకా వినిపించింది.

ఆ ఇన్‌స్పెక్టరు ఇంట్లోనూ ఒక అవ్వ ఉండి ఉంటుందని నాకు చాలా ఏళ్లకు గానీ తోచలేదు.