పిడికెడు బియ్యంలో పసుపు గింజలు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే చాలంటారు. ఆ సామెత చెప్పినవాళ్లు మా ఇంట్లో ఒక్క పూటైనా తిని ఉండరు. మా అన్నంలో ఒక మెతుకు ముద్దయిపోతే దాని పక్క మెతుకు పలుకుగా ఉండేది. ఇంకొకటి లావుగా, ఎర్రగా, నమలబోతే మొరాయించేది. ఏ మెతుకు పట్టుకుంటే ఆ మెతుకు సంగతే తెలిసేది. ఎందుకంటే అది ముప్పై ఇళ్ల బియ్యం.

ఎనభైల మొదట్లో మా నాన్న నూజివీడులో ఒక చిన్న చర్చికి పాస్టరు. పెంకుల కప్పు, సున్నం గోడలు, కూర్చోవడానికి ఈతచాపలు. సంఘంలో ఇద్దరు ముగ్గురు టీచర్లూ గుమాస్తాలూ తప్ప మిగతా అందరూ మామిడి తోటల్లో పనిచేసుకునేవాళ్లే. ప్రతి ఇంట్లోనూ పొయ్యి దగ్గర మేకుకి ఒక గుడ్డసంచి వేలాడేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి, దేవుడి పాలు అనుకుని ఆ సంచిలో వేసేది. వారం పొడుగునా పోగైన ఆ బియ్యాన్ని ఆదివారం ఆరాధనలో ఆడవాళ్లు వరసగా లేచి, పాట పాడుతూ తెచ్చి, ముందు పెట్టిన ఇత్తడి గంగాళంలో పోసేవారు. ఆ గంగాళం మధ్యాహ్నానికి పక్కనే ఉన్న మా ఇంటికి వచ్చేది. మా తిండి అదే.

భోజనానికి ముందు నాన్న కళ్లు మూసుకుని ఆ ముప్పై ఇళ్లకూ పేరుపేరునా కృతజ్ఞత చెప్పేవారు. నేనూ కళ్లు మూసుకునేదాన్ని గానీ నా ధ్యాసంతా గోడ అవతల ఉండేది. అక్కడ మామిడికాయల వ్యాపారుల ఇల్లు. వాళ్ల సన్నబియ్యం ఉడికే వాసన గోడ దాటి వచ్చేది. దేవుడికి ముప్పై ఇళ్లు ఉండీ ఒక్కరైనా మాకు అలాంటి బియ్యం ఇవ్వరేమని నాకు మహా కోపంగా ఉండేది.

మా వారం ఆదివారంతో అయిపోయేది కాదు. బుధవారం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన. శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన, అది ముగిశాక అమ్మ కాచిన మజ్జిగ. శనివారం చాపలు దులపడం. మామిడి కాపు మీద ఉన్నప్పుడు సంఘంలో సగం మంది తోటల కాపలాలో ఉండిపోయేవాళ్లు కాబట్టి ఆదివారం సాయంత్రం నాన్నే సైకిలు మీద తోటలకి వెళ్లి, చెట్ల కింద పాట పాడించి వచ్చేవారు. వచ్చేటప్పుడు హ్యాండిలుకి చిన్నరసాల సంచి ఉండేది. ఆ ఒక్కపూట మాత్రం నేను పరమ భక్తురాలిని.

సోమవారం అమ్మ చాట ముందేసుకుని ఆ బియ్యంలో రాళ్లు ఏరేది. పక్కన నేను. మా అమ్మ చదివింది ఏడో తరగతే గానీ ఆ చాటలో సంఘం మొత్తాన్ని చదివేసేది. "ఈ దంపుడు బియ్యం ఫలానా వాళ్లవి, అత్తగారి ఊరి నుంచి వచ్చినట్టున్నాయి. ఈ వారం వీళ్లింట్లో కోటా బియ్యం దిగింది, ఆయనకి పని లేదేమో" అనుకునేది. ఆ సాయంత్రం నాన్న సైకిలు సరిగ్గా ఆ ఇంటి ముందు ఆగేది. అయ్యగారికి దేవుడే చెప్పాడని వాళ్లు ఆశ్చర్యపోయేవాళ్లు. చెప్పింది మా అమ్మ చాట. నాకు మాత్రం ఒకటే ఆజ్ఞ: చాటలో చూసింది గడప దాటకూడదు.

ఆ సంఘంలో బుట్టల మామ్మ అని ఒకావిడ ఉండేది. కాపు రోజుల్లో గడ్డి పరిచి మామిడికాయలు బుట్టల్లో సర్దే పని చేసేది కాబట్టి ఆ పిలుపు. వెనకా ముందూ ఎవరూ లేరు. తోటల వైపు ఒక పాకలో ఒక్కతే ఉండేది. ఎవరేమిచ్చినా పుచ్చుకునేది కాదు. అమ్మ ఒకసారి పాత చీర ఇవ్వబోతే, "నేను పెట్టేదాన్నేగానీ పుచ్చుకునేదాన్ని కాదమ్మగారూ" అని నవ్వేసింది. ఆవిడ సంచి అన్నిటికంటే చిన్నది. అయినా ప్రతి ఆదివారం వరసలో మొదట లేచేది ఆవిడే.

ఆ ఏడు మంచుకి మామిడి పూతంతా మాడిపోయింది. తోటల్లో పని లేదు, బుట్టలు కట్టే పని అంతకంటే లేదు. చాటలో మామ్మ బియ్యం ముందు కోటా బియ్యమయ్యాయి, తరవాత నూకలయ్యాయి. ఎండలు ముదిరాక ఒక సోమవారం వాటిలో పసుపు గింజలు కనపడ్డాయి. ఒకటీ రెండూ కాదు, చాలా ఉన్నాయి. అమ్మ ఒక గింజ వేళ్ల మధ్య నలిపి చూసి, "తలంబ్రాలు" అంది మెల్లగా. మామ్మ కళ్యాణమండపంలో ఊడ్చే పనికి కుదిరిందని అప్పటికి మాకు తెలుసు. పెళ్లయిపోయాక నేల మీద పడిన తలంబ్రాల బియ్యం ఊడ్చుకొచ్చి, చెరిగి, కడిగి, ఎండబెట్టి, ఆవిడ వండుకుంటోంది. అందులోనే ఒక పిడికెడు దేవుడి సంచిలో వేస్తోంది. అమ్మ ఆ బియ్యాన్నీ కుండలో పోసింది. రెండు నెలలు అలా తిన్నాం.

ఇక నా నోటి సంగతి. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఊరికే అనేది కాదు. ఆదివారం పొద్దున్నే సండే స్కూలు. పెద్ద పిల్లల క్లాసు మా సంఘపెద్దగారు చెప్పేవారు. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, తెల్లటి చొక్కా, తెల్లటి మీసం. సరైన జవాబు చెప్తే పాత క్రిస్మస్ గ్రీటింగు కార్డులో బొమ్మ ఉన్న సగం కత్తిరించి ఇచ్చేవారు. ఆ రోజు పాఠం విగ్రహాలకి అర్పించినవి తినకూడదని. "ఈ రోజుల్లో అలాంటివి ఎక్కడుంటాయి?" అని అడిగారు. ఒకడు గుళ్లో ప్రసాదం అన్నాడు. ఇంకొకతె తిరునాళ్ల బెల్లం ముక్క అంది. ఆయన చేతిలో ఉన్న కార్డు మీద మంచుకొండా, ఎర్ర బండీ ఉన్నాయి. నాకు కళ్లు చెదిరిపోయాయి. లేచి నిలబడి, "మా ఇంట్లోనే ఉంటాయండీ! బుట్టల మామ్మ పోసే బియ్యంలో పెళ్లి తలంబ్రాలు ఉంటాయి!" అన్నాను.

కార్డు నాకే ఇచ్చారు.

గంట తరవాత ఆరాధనలో ఆడవాళ్లు లేచారు. ఎప్పటిలాగే ముందు మామ్మ. సంచి ముడి విప్పి వంగబోతుంటే సంఘపెద్దగారు లేచివచ్చి గంగాళం మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. గట్టిగా ఏమీ అనలేదు. "ఇవి వద్దమ్మా. వాళ్ల దేవుళ్ల ముందు పోసినవి ఇక్కడ పోయకూడదు" అన్నారు. పాట సగంలో ఆగిపోయింది. మామ్మ ఆయన చేతి వంక చూసింది. సంచి మళ్లీ ముడి వేసుకుని వెనక్కి వెళ్లి చాప మీద కూర్చుంది. దీవెన అయ్యేదాకా కూర్చునే ఉంది. పల్పిట్ మీద నాన్న ఏం చెయ్యాలో తోచక ఇంకో పాట ఎత్తుకున్నారు. నా జాకెట్లో కార్డు గుచ్చుకుంటోంది.

ఆయన్ని చెడ్డవాడని ఇప్పుడు కూడా అనలేను. వాళ్ల నాన్న ఈ విశ్వాసంలోకి వచ్చినందుకు ఊళ్లో మంచినీళ్లు కూడా పుట్టనివ్వలేదట. విడిచిపెట్టినవాటిని మళ్లీ ముట్టకూడదన్న పట్టుదల ఆయనకి అన్నంతోపాటు పెట్టి పెంచారు. తప్పంతా నాది.

అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. "మామ్మకి ఎవరూ లేరు. ఆ పిడికెడు ఉన్నన్నాళ్లూ ఆవిడ మనకి పెట్టే మనిషి. అది లేకపోతే అడుక్కునే మనిషి. నువ్వు ఆవిడ దగ్గర తీసుకున్నది అదే" అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి వల్ల ఒక మనిషికి ఊరే లేకుండా పోయిందని ఆ రోజు బాగా ఏడ్చాను.

బుధవారం ప్రార్థనకి మామ్మ రాలేదు. శుక్రవారమూ రాలేదు. ఆ సాయంత్రం అమ్మ నన్ను వెంటబెట్టుకుని పాకకి వెళ్లింది. మామ్మ మంచం వాల్చి మమ్మల్ని కూర్చోబెట్టింది.

"గుడికెందుకు రావట్లేదు మామ్మా?" అని అమ్మ అడిగింది.

"ఒట్టి చేతుల్తో ఎట్టా వస్తానమ్మగారూ?" అంది మామ్మ. "కడిగానండీ. మూడు నీళ్లు కడిగాను. ఆ పసుపు పోలా" అంది.

నాకు ఇక ఏడుపు ఆగలేదు. "నేనే చెప్పాను మామ్మా" అనేశాను.

మామ్మ నా మొహం పమిటతో తుడిచింది. "అబద్ధం చెప్పలేదు కదమ్మా నువ్వు. ఉన్నదేగా చెప్పావు" అంది. ఆ మాటతో నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది.

అప్పుడు మా అమ్మ ఒక అబద్ధమాడింది. నేను విన్నంతలో ఆవిడ ఆడిన అబద్ధం అదొక్కటే. "గుడికి రాకపోతే మానెయ్ మామ్మా. ఎండకి నాకు తల తిరుగుతోంది. ఎల్లుండి మేం ఆరాధన నుంచి వచ్చేలోపు మా ఇంట్లో కాస్త అన్నం వండిపెట్టు" అంది. చాకిరీ అడిగితే మామ్మ కాదనలేకపోయింది.

శనివారం మధ్యాహ్నం, తల తిరుగుతున్న ఆ మనిషే ఎండలో కూర్చుని, చాటెడు బియ్యానికి పసుపు పట్టించింది. మేం ఎప్పుడూ పిడికెడు బియ్యం పోసేవాళ్లం కాదు, మాకు రావలసినవే కాబట్టి. ఆ ఆదివారం వరసలో అందరికంటే ముందు అమ్మ లేచి, గంగాళంలో ఆ పచ్చటి బియ్యం పోసింది. సంఘపెద్దగారు లేచి నిలబడ్డారు.

"పసుపు నేనే కలిపానన్నయ్యగారూ" అంది అమ్మ. చర్చి అంతా వినపడింది. "రెండు నెలల్నుంచి మామ్మ బియ్యం మా కుండలోనే ఉడుకుతున్నాయి. ఆ అన్నం తినే అయ్యగారు ప్రసంగాలు చేస్తున్నారు. మీరంతా ఆమెన్ అంటున్నారు. ఇప్పుడు ఆ ఆమెన్లు కూడా వెనక్కి తీసుకోవాలంటారా?"

మగవాళ్ల వైపు ఎవరో ఆపుకోలేక నవ్వారు. నాన్న మొహంలో భయం, గర్వం రెండూ కనపడ్డాయి. సంఘపెద్దగారు నవ్వలేదు. గంగాళం వైపు చూసి, కూర్చున్నారు. చెయ్యి మాత్రం అడ్డం పెట్టలేదు.

ఆరాధన అయ్యాక మేం ఇంట్లోకి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాం. వెనకాలే ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "అమ్మగారూ, ఆ అన్నం నాక్కూడా కాస్త పెడతారా?" అన్నారు.

అమ్మ పీట వేసింది. తను వడ్డించకుండా లోపలికి వెళ్లి, అన్నం వడ్డించే హస్తం తెచ్చి మామ్మ చేతిలో పెట్టింది. మామ్మ వండింది డబ్బాలో ఉన్న పాత బియ్యం. తన గింజలూ అందులో ఉన్నాయి. ఆవిడ వచ్చి ఆయన కంచంలో వడ్డించి పక్కన నిలబడింది. ఆయన ఒక ముద్ద కలుపుకుని, అన్నంలోకి చూసి, "పసుపు ఎక్కడమ్మా? కనపడదే" అన్నారు.

"ఉడికితే కలిసిపోయిద్దండీ" అంది మామ్మ.

ఆయన కంచం మీదకి వంగి తిన్నారు. మామ్మ మారు వడ్డించబోతే అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టబోయి, తటాలున తీసేశారు. "వడ్డించమ్మా. ఆ రోజు కూడా ఈ చెయ్యి అడ్డం పెట్టకుండా ఉండాల్సింది" అన్నారు. ఆవిడ రెండు హస్తాలు వేసింది. చేతులు కడుక్కున్నాక నేను వెళ్లి కార్డు ఆయనకి ఇచ్చేశాను. ఆయన జేబులో పెట్టుకున్నారు.

మరుసటి ఆదివారం వరసలో మళ్లీ మామ్మే ముందు. ఆ తరవాత నేను అన్నానికి వంకపెట్టిన గుర్తు లేదు. ఇప్పుడు నా ఇంట్లో సన్నబియ్యమే వండుకుంటున్నాను, మెతుకుకి మెతుకు అంటదు. అయినా నా ఒంట్లో ఉన్నది ఆ ముప్పై ఇళ్ల తిండే. నాన్నలా పేరుపేరునా కృతజ్ఞత చెప్పుకోవడం నాకూ అలవాటైంది.

ఇంకో రెండు కాపులయ్యాక ఒక గురువారం సాయంత్రం మామ్మ పోయింది. సామాన్లు సర్దడానికి అమ్మతోపాటు నేనూ పాకకి వెళ్లాను. పొయ్యి దగ్గర మేకుకి సంచి వేలాడుతూనే ఉంది. సోమ, మంగళ, బుధ, గురువారాల బియ్యం అందులో ఉన్నాయి. అమ్మ దాన్ని తెచ్చి సంఘపెద్దగారికి ఇచ్చింది. ఆదివారం పాట మొదలయ్యాక, మా చర్చిలో ఎన్నడూ లేనట్టు, ఆడవాళ్ల వరసలో ముందు ఆయన నిలబడ్డారు. సంచి ముడి విప్పి, నాలుగు పిడికిళ్ల బియ్యం గంగాళంలో పోసి, లోపల ఒక్క గింజ కూడా మిగలకుండా సంచి తిరగేసి దులిపారు. ఆ సోమవారం అమ్మ వాటిని ఏరలేదు. అలాగే కడిగి వండింది. మేం తిన్నాం.