నేను రాసిన నర్సయ్య రాజీనామా

తన ఉద్యోగానికి తాను రాజీనామా ఇచ్చేవాణ్ణి ధైర్యవంతుడంటారు. ముక్కూ మొహం తెలియని ఇంకొకడి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, అతని పేరున సంతకం పెట్టి, పైగా కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చినవాణ్ణి ఏమంటారో నాకు ఇప్పటికీ తెలియదు. మీకు తెలిసినా చెప్పకండి. ఆ ఘనుణ్ణి నేనే. ఇది చదివాక నన్ను చూసి నవ్వుకోవచ్చు. కానీ నవ్వే ముందు మీ వెనక ఎవరైనా నిలబడ్డారేమో ఒకసారి చూసుకోండి. ఆ రోజు నాకు నాలుగైదుసార్లు అలా చూసుకోవాలనిపించింది.

అది కరోనా నడుస్తున్న 2021 ఎండాకాలం. నేను దుబాయ్‌లో పనిచేసే టైల్స్ కంపెనీ మూతపడింది. వీసా క్యాన్సిలైంది. కొన్ని వారాల్లో ఇంకో పని దొరక్కపోతే మా ఊరు మెట్‌పల్లి దారి పట్టాలి. నైఫ్ పేటలో మా గది కింద నెల్లూరు కరీముల్లా ఉండేవాడు. పెళ్ళి వీడియోలు తీసే మనిషి. పెళ్ళిళ్ళు ఆగిపోతే వీడియోవాడు ఊరుకోడు, కళాకారుడవుతాడు. కరీముల్లా సినిమా మొదలుపెట్టాడు.

ఒకే బాధ చుట్టూ గానుగెద్దులా తిరిగే మనుషుల కథ అది. ఒకామె, విడిచిపెట్టిన మొగుడి లాంటివాణ్ణే వెతికి మరీ మళ్ళీ చేసుకుంటుంది. ఒకడు ప్రతి పండక్కీ తాగుడు మానేస్తాడు, పండగ వెళ్ళగానే మొదలుపెడతాడు. మూడోవాడు నర్సయ్య. ఇక చాలు, ఊరికి పోతానని రాజీనామా రాస్తాడు, వెనక్కి తీసుకుంటాడు, మళ్ళీ రాస్తాడు. పాటలున్నాయా అని అడిగాను. కరీముల్లా నన్ను జాలిగా చూశాడు.

"నీ యాస నాకు కావాల అబ్బయ్యా. మొహంతో పన్లేదు, మాస్కు ఉంటాది గదా," అన్నాడు.

నా మొహం గురించి ఎవరైనా అంత మర్యాదగా చెప్పడం అదే మొదలు. పైగా నాకు అనుభవం ఉంది. బడి నాటకంలో శవం వేషం వేసి, ముక్కు మీద ఈగ వాలినా కదలనందుకు చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. వెంటనే ఒప్పుకున్నాను.

కరీముల్లా పద్ధతి వేరు. యాక్షన్ అనడు, కట్ అనడు. గేటు దాటిన దగ్గర్నుంచి నేను నర్సయ్యనే. కెమెరా ఎక్కడ దాచాడో నాకు తెలియకూడదు. ముదీర్, అంటే మేనేజరు, వేషం వేసేది ఎవరో కూడా ముందు చెప్పనన్నాడు. ఎవరు నర్సయ్యా అని పిలిచినా పలకాలి, సీను అయ్యేదాకా బయటపడకూడదు. వేసుకోమని ఒక నీలం కవరాల్ ఇచ్చాడు. పాతది, జేబు మీద నర్సయ్య అని ఇంగ్లీషులో కుట్టి ఉంది. ఎంత శ్రద్ధ ఈ మనిషికి అనుకున్నాను. షూటింగు అల్ ఖూజ్‌లో పదో నంబరు షెడ్డులో, మధ్యాహ్నం రెండింటికి.

ఆ మధ్యాహ్నం దుమ్ము లేచింది. బస్సు దిగేసరికి ఆకాశం పసుపు నీళ్ళు కలిపినట్టుంది. ఎండ ఉంది గానీ సూర్యుడు లేడు. వీధిలో మనిషి లేడు. ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే తల్లికి పుట్టినట్టున్న రేకుల షెడ్లు. కొన్నిటి మీద నంబరు అరబ్బీలోనే ఉంది. మాకు తెలియని అరబ్బీనా అని ఒకటి, పక్కన సున్నా ఉన్న గేటు చూసి లోపలికి నడిచాను.

వాచ్‌మన్ నా నుదుటికి జ్వరం చూసే తుపాకీ పెట్టాడు. నా జేబు మీద పేరు చూశాడు. తల ఊపి హిందీలో, ఏం నర్సయ్యా, మళ్ళీ ఆఫీసుకేనా అన్నాడు. గేటు దగ్గర్నుంచే సీను మొదలైందన్నమాట. నేను బరువుగా ఒక నిట్టూర్పు విడిచాను. అది స్క్రిప్టులో లేదు, నా సొంతం.

లోపల పైకప్పు దాకా అరలు. వాటి మధ్య మాస్కులేసుకున్న మనుషులు మాట్లాడకుండా తిరుగుతున్నారు. అందరివీ నాలాంటి నీలం బట్టలే. ఒక్కొక్కరూ నన్ను చూసి ఒక క్షణం ఆగి, మళ్ళీ కదులుతున్నారు. ఒక ఫోర్క్‌లిఫ్ట్ బీప్ బీప్‌మంటూ అదే పెట్టెను మోసుకుని నా పక్కనుంచి మూడుసార్లు పోయింది. ఏసీ లేకపోయినా వీపు మీద చలి పాకింది. ఇంతమందిని కరీముల్లా ఎక్కణ్ణుంచి తెచ్చాడు? పెళ్ళికొడుకును నవ్వించడం చేతగాని మనిషి, ఇందరి చేత ఇలా ఎలా చేయిస్తున్నాడు?

ఆఫీసులో ముదీర్ ఉన్నాడు. మలయాళీ. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. నేను కంఠతా పట్టిన మాట వణుకుతూ చెప్పాను.

"సార్, ఇగ నాతోని కాదు. నేను ఊరికి పోత."

నా తెలుగు అతనికి అర్థమైందో లేదో గానీ ఆశ్చర్యపోలేదు. ఇనప బీరువా తెరిచి ఒక ఫైలు తీశాడు. అందులోంచి మూడు జిరాక్సు కాగితాలు వరసగా బల్ల మీద పరిచాడు. మూడూ రాజీనామాలే. మూడిట్లోనూ నేను రాయడానికి బట్టీ పట్టిన అవే నాలుగు ఇంగ్లీషు వాక్యాలు, 'హోమ్' దగ్గర అదే అక్షరం తప్పుతో సహా. నాలుగో తెల్లకాగితం నా ముందుకు తోశాడు. చెయ్యి దానంతటదే రాసింది. నర్సయ్య అని సంతకం చేశాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, గ్లిజరిన్ లేకుండా. నేను లేచి తలుపు దాకా వెళ్ళాక అతను వెనకనుంచి మెల్లగా అన్నాడు.

"ఫిర్ వాపస్ ఆయేగా తూ."

మళ్ళీ తిరిగి వస్తావు నువ్వు. అక్షరం పొల్లుపోకుండా స్క్రిప్టులో ముదీర్ చెప్పాల్సిన మాట.

గేటు బయట పడ్డాక ఫోను మోగింది. కరీముల్లా. సీను ఎట్లొచ్చింది భాయ్ అని గర్వంగా అడిగాను. ఏ సీను, గంట నుంచి అందరం నీకోసమే కూర్చున్నాం, ముదీర్ వేషగాడు మూడో చాయ్ తాగుతున్నాడు అన్నాడు.

దుమ్ములో నిలబడి గేటు మీద అంకెలు మళ్ళీ చూశాను. నేను చూసినవే ఉన్నాయని చెప్పాను. ఒకటి, పక్కన గుండ్రం.

"గుండ్రంగా ఉండేది వాళ్ళకు అయిదు అబ్బయ్యా. సున్నా అంటే ఒట్టి చుక్కే. నువ్వు పదిహేనులోకి పోయినావు." అంతలోనే కరీముల్లా గొంతు మారింది. "పదిహేనా? నర్సయ్య పనిచేసేది ఆడనే గదా."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. నర్సయ్య కథ కల్పన కాదు. జగిత్యాల నర్సయ్య టీకొట్టులో కూర్చుని చెప్పుకున్న తన బతుకును కరీముల్లా మాటలతో, రాజీనామా వాక్యాల్లోని అక్షరం తప్పుతో సహా రాసుకున్నాడు. ఆ కవరాల్ కూడా అతన్నే అడిగి తెచ్చాడు. ఆ షెడ్డులో ముదీర్లు మారినా ఆ మాట మారదట. నర్సయ్య కనిపిస్తే చాలు, మళ్ళీ వస్తావులే అనడం అక్కడ సలాం లాంటిది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కింది అడుసు కూడా కాదు, ఇంకొకడి అన్నం పళ్ళెం. ఆ రోజుల్లో పోయిన ఉద్యోగం మళ్ళీ దొరికేది కాదు, నాకంటే బాగా ఎవరికి తెలుసు? లోపలికి పరుగెత్తాను. నేను నోరు తెరవకముందే ముదీర్ ఆ కాగితాన్ని నా చేతికి అందించాడు. గడియారం చూసి, ఇంకా గంట కూడా కాలేదే అన్నాడు. ఫైలు అట్ట మీద పాత ముదీర్ రాసిపెట్టాడు: ఇతను గంటలో వెనక్కి వస్తాడు, ఇచ్చేయండి.

నేను నర్సయ్యను కాదని చెప్పాను. నర్సయ్య ప్రతిసారీ అదే అంటాడట, ఇందాకటి మనిషిని నేను కాదు సార్ అని; అదీ అట్ట మీద రాసి ఉంది. ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది. జేబు మీద పేరు చూసుకున్నాను. చివరికి మాస్కు లాగేశాను. ముదీర్ ఫైల్లోని ఫోటో చూసి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. పాపం అతను వచ్చి పది రోజులే అయింది, నర్సయ్యను రెండుసార్లే, అదీ మాస్కులోనే చూశాడు.

అతను వాచ్‌మన్‌ను కేకేయబోతుండగా తలుపు తెరుచుకుంది. ఖోర్ ఫక్కాన్ పోర్టు నుంచి సరుకు లారీతో వచ్చిన అసలు నర్సయ్య, అవే నీలం బట్టల్లో. యాభై దాటిన మనిషి. నన్ను చూశాడు, జేబు మీద తన పేరు చూశాడు. నేను ఒక్కటీ దాచకుండా చెప్పి, కాళ్ళమీద పడబోయాను. ఆయన నా చేతిలోని కాగితం తీసుకుని నిలబడే చదివాడు. ముదీర్ చింపెయ్యమని సైగ చేశాడు.

"ఉండనీ సార్," అన్నాడు నర్సయ్య. తర్వాత నావైపు తిరిగాడు. "రాసుడు అల్కగనే ఉంటది తమ్మీ. బయటికి పోంగనే ఇంటికాడ ఏం జేయాల్నో తెల్వది. సుట్టపోని లెక్క కుర్సీ ఏస్తరు, చాయ్ ఇస్తరు, ఎన్నడు పోతవ్ అని అడుగుతరు. గా కుర్సీ యాదికొస్తె మల్ల ఇటే వస్త. మూడుసార్లు నా చేత్తోని రాసుకున్న, నేనే అడిగి తీసుకున్న. గీసారి ఇంకోడు రాసిండు. గిదన్న నిలవడుతదేమో."

నా సంతకం కింద తన సంతకం పెట్టాడు. ఖలాస్ అన్నాడు, ముదీర్‌తో కాదు, తనతో తానే. బయట ఫోర్క్‌లిఫ్ట్ చప్పుడు ఆగినట్టు నాకు గుర్తు, నిజంగా ఆగిందో లేదో చెప్పలేను.

ఆయన ఊరికి వెళ్ళిపోయాడు. మూడు నెలలకు ఫోనులో గొంతు రికార్డు చేసి పంపాడు. మొదటి నెల కుర్చీ వేశారట, రెండో నెల ఎవరూ వేయలేదట. ఇప్పుడు తడి తువ్వాలు మంచం మీద పడేస్తున్నాడని భార్య రోజూ తిడుతోందట. తిడుతోందంటే ఇంటి మనిషినైనట్టే గదా అని నవ్వాడు. కరీముల్లా మాత్రం నన్ను క్షమించలేదు. చివర్లో నర్సయ్య తిరిగొచ్చే సీను రాసుకుంటే, అసలు మనిషి రాకుండా కథ చెడగొట్టాడని బాధ. నా బాధ వేరు. జన్మలో ఒక్కసారి మహానటుడిలా నటించాను, అక్కడ కెమెరా లేదు.

ఇంతకూ ఆయన వెళ్ళగానే షెడ్డులో ఆయన చేసిన స్టోర్‌కీపర్ పోస్టు ఖాళీ అయింది. నాకేమో వీసా పోయాక ఇచ్చిన గడువు దగ్గరపడుతోంది. ముదీర్ నన్ను ఎగాదిగా చూసి, కవరాల్ ఎలాగూ ఉంది కదా అన్నాడు. పేరు కుట్టిన దారం విప్పించి నా పేరు కుట్టించుకున్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, కుడిచెయ్యి గుండె మీద, ఎడమచెయ్యి స్టోరు రిజిస్టరు మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ ప్రాణం ఉండగా పరాయి మనిషి పేరున రాజీనామా రాయను. ఇకమీదట ఏం రాసినా సొంత పేరుతోనే. ఈ మాట మీద గట్టిగా నిలబడ్డాను కూడా. ఇప్పటికి రెండు రాశాను. రెండూ గంటలోపలే వెనక్కి తెచ్చుకున్నాను.