పలకని పలకలు

మార్కాపురం అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. ఊరి బయట పలకలు చేసే షెడ్డులో నాది తట్టే పని. రాతిని పలుచగా చీల్చి, కోసి, నునుపు పట్టించాక పలక నా దగ్గరికి వస్తుంది. దాన్ని ఎడమచేతి వేళ్ల మీద నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో ఒక్కటి తట్టాలి. ఖంగుమంటే మంచిది, మద్రాసు రైలెక్కుతుంది. లోపల కంటికి కనబడని బీట ఉంటే చచ్చు చప్పుడు చేస్తుంది. మంచిదాన్ని ‘పలికింది’ అనేవాళ్లం, బీట ఉన్నదాన్ని ‘పలకలేదు’ అనేవాళ్లం. పలకనిదాన్ని వెనక గుంటలోకి విసిరేయడమే.

అంతకు ముందు నేను నునుపు పట్టించే బల్ల దగ్గర ఉన్నాను. అక్కడంతా రాతి దుమ్ము. మా నాయన ఆ దుమ్ములోనే దగ్గి దగ్గి పోయాడు. నాకూ దగ్గు మొదలవుతున్న రోజుల్లో తట్టే పీట ఖాళీ అయింది. నాకు చెవి మంచిదని మేస్త్రీ నన్ను కూర్చోబెట్టాడు. అందుకే ఆ పీటంటే నాకు ప్రాణం. ప్రతి శనివారం మధ్యాహ్నం ఆయన వచ్చి, నేను మంచివని పేర్చిన దొంతరలోంచి చేతికందినవి తీసి తానే తట్టి చూసేవాడు. పలకనిది ఒక్కటి దొరికినా నేను మళ్లీ దుమ్ములోకే.

సోమవారం నుంచి శనివారం దాకా అదే పీట, అవే రాళ్లు, పక్కకు చూస్తే అరుపులు. కానీ ఏ రెండు పలకలూ ఒక్కలా పలకవు. పలుచటిది సన్నగా పలుకుతుంది, మందపాటిది బొంగురుగా పలుకుతుంది. నేను సోమవారం పొద్దున్నే మంచి గొంతున్న నాలుగింటిని ఏరి మోకాలి పక్కన పెట్టుకునేదాన్ని. మధ్యమధ్య, పరీక్ష చేస్తున్నట్టే ముఖం పెట్టి, ఆదివారం ప్రార్థనలో పాడే పాట మొదటి వరుస వాటి మీద తట్టుకునేదాన్ని. ఒక్క వరుసే. అది ముగిసేలోగా మేస్త్రీ ఎటున్నాడో నాలుగు దిక్కులూ చూసుకునేదాన్ని. పట్టుబడితే పీట పోతుందని తెలుసు. తెలిసీ మానలేదు. శనివారం ఆ పలకలు మిగతావాటితో పాటు పెట్టెల్లోకి పోయేవి, సోమవారం మళ్లీ వేట. ఆ వేట కోసమే సోమవారం అందరికన్నా ముందు వెళ్లేదాన్నంటే నవ్వుతారేమో, నవ్వండి. వారమంతా వాళ్లది, ఆ వరుస నాది.

ఒకసారి గిద్దలూరు దగ్గర, అడవి పక్క పల్లెలో చుట్టాలింటికి పోయి వచ్చాక చలిజ్వరం పట్టుకుంది. పోస్టాఫీసులో అమ్మే కొయినా పొట్లాలు, అదే క్వినైన్ మందు, తెచ్చి మింగాను. జ్వరం దిగింది, చెవుల్లోకి హోరెక్కింది. ఇంటి దగ్గర పడుకుంటే పీట ఇంకొకరిదవుతుందని ఆ హోరుతోనే సోమవారం వచ్చి కూర్చున్నాను. మొదటి పలక తట్టాను. వినబడలేదు. గట్టిగా తట్టాను. కణుపు నొప్పి పుట్టిందే గాని చప్పుడు లేదు. వేళ్లకు అదురు తెలుస్తోంది, కానీ బీట సంగతి వేళ్లు చెప్పలేవు. అది కొయినా చేసిన పని అనీ, కొన్నాళ్లకు దిగిపోతుందనీ ఇప్పుడు తెలుసు. అప్పుడెవరు చెప్పారు? చెవులు పోయాయనే అనుకున్నాను.

ఆ పూటే మేస్త్రీ వెనక నుంచి నన్ను రెండు మూడుసార్లు పిలిచాడట. ఎదురుగా కూర్చుని పలకలు తుడిచే పెద్దమ్మ సైగ చేస్తే ఉలిక్కిపడి తిరిగాను. ఆమె మా పేట మనిషే. మేస్త్రీ ముఖం దగ్గరకు వచ్చి అరిచాడు గనక ఆ మాట మాత్రం అందింది.

“ఏం పాపా, పిలిస్తే పలకవేంది?”

ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. ఆయన మామూలుగానే అన్నాడు, కానీ మా షెడ్డులో పలకనిదాన్ని ఏం చేస్తారో అందరికీ తెలుసు. పరధ్యానంలో ఉన్నానయ్యా అన్నాను.

ఆయన అటు పోగానే పెద్దమ్మ నా చెవికి నోరానించింది.

“ఏందే, ఇనపడలేదా నీకు?”

తలూపాను. ఏడుపొచ్చేసింది.

“ఏడిస్తే అందరికీ తెలిసిపోతాది. నువ్వు తట్టు, నేను ఇంటా.”

అలాగే సాగించాం. నేను తట్టేదాన్ని. ఆమె తలూపితే పలక దొంతర మీదికి, పెదవి విరిస్తే గుంటలోకి. ఎన్నడూ తట్టే పని చేయని మనిషి. ఆమె తలూపినా అనుమానమే, పెదవి విరిచినా అనుమానమే. రోజు రోజుకూ దొంతర పెరుగుతుంటే నా భయమూ పెరిగింది. ఆ వారం నాలుగు పలకలు ఏరుకోలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత ఉంది గాని, ఊదేదీ చెవిటిదీ ఒక్కతే అయితే ఏమంటారో నాకు తెలియదు. పని పోతుందన్న దిగులు ఒకటైతే, ఆ వరుస లేక పొద్దు గడవకపోవడం ఇంకొకటి.

శనివారం మేస్త్రీ వచ్చి పీట ముందు కూర్చున్నాడు. మెడలో తులసి పూసలు సర్దుకుని, దొంతరలోంచి ఒకటి తీసి తట్టాడు. పక్కన పెట్టాడు. ఇంకొకటి తీశాడు. ఎప్పుడూ రెండు మూడు చూసి లేచిపోయే మనిషి, ఆ రోజు దొంతర సగం తిరగేసి, నాలుగింటిని తన ముందు వరసగా పెట్టుకున్నాడు. వాటినే మార్చి మార్చి తట్టసాగాడు. పలకనిది దొరికింది, ఏదో తేల్చుకుంటున్నాడు అనుకున్నాను. దుమ్ము బల్ల వైపు చూశాను. అక్కడున్న ఆడవాళ్లు పని ఆపి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఇటే చూస్తున్నారు.

పెద్దమ్మ నవ్వుతూ నా చెవి దగ్గరికి వంగింది.

“నీ పాటేనే అమ్మీ! పలకలన్నీ పలికినాయి. వారం నించి పాట ఎందుకు ఆపినావని అడుగుతాండాడు. పొద్దు పోలేదంట ఆయనకి.”

నేను దిక్కులు చూసుకుంటూ దాచుకున్న వరుస షెడ్డు షెడ్డంతా వింటూనే ఉందన్నమాట. మేస్త్రీ వేలు తడబడింది, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుని చివరిదాకా తట్టాడు. సరిగ్గా వచ్చిందా అన్నట్టు నా ముఖంలోకి చూశాడు.

చాలా బాగుందయ్యా అన్నాను.