పేరు చదివితే లేచేవాళ్ళు

దెయ్యాల మాట ఎత్తితే నాకు ముందు నవ్వొస్తుంది, తర్వాత విసుగొస్తుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ విజయనగరంలో రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజులకు నకళ్ళు రాసినదాన్ని. సంతకం, సాక్షి లేనిదే కాగితం ముట్టుకునేదాన్ని కాదు. శ్మశానం పక్కన అద్దెకుండి హాయిగా నిద్రపోయినదాన్ని కూడా. అందుకని ఇది చదివి నన్ను భక్తురాళ్ళలో కలిపెయ్యకండి.

నా పేరు పైడితల్లి. మాది గజపతినగరం అవతల వరి, నువ్వులు పండించుకునే కుటుంబం. చర్చికి వెళ్ళే సత్యానందాన్ని పెళ్ళి చేసుకున్నానని మా నాన్న, "ఇకన మాకు నువ్వు నేవు. సచ్చినా కబురెట్టకు" అన్నాడు. నాన్న పోయినప్పుడు నాకూ కబురు రాలేదు. మాకు పిల్లలు కలగలేదు. నేను మతం మారలేదు, మా ఆయన మారమనలేదు. ఆదివారం మాత్రం వెళ్ళి ఆయన పక్కన కూర్చునేదాన్ని.

ఆ చర్చి కంటోన్మెంటు వైపు ఉంది. తెల్లవాళ్ళు తమ దండు కోసం కట్టుకున్నది. మందపాటి గోడలు, చుట్టూ వాళ్ళ సమాధులు, లోపల టేకు బెంచీలు. ఆ బెంచీల సంగతి కాస్త చెప్పాలి. మనిషి కూర్చుంటే పలక కొంచెం కుంగుతుంది. లేస్తే పైకి తేరుకుని కిర్రుమంటుంది. ఆయన పాటకి లేచినప్పుడల్లా నా కింద పలక కదిలేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ కదలిక నాకెంత అలవాటో, ఆయన పోయాక గాని తెలియలేదు.

ఏటా నవంబరులో ఒక ఆదివారం, ఆ ఏడాది చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు. పేరు వినగానే ఆ ఇంటివాళ్ళు లేచి నిలబడాలి. ఒక్కొక్క పేరుకి బెంచీలకి బెంచీలే లేస్తాయి. మా ఆయన పేరు చదివినప్పుడు నేనొక్కదాన్నే లేచాను. తర్వాత ఒక ముసలి టీచరమ్మ పేరు చదివారు. పెళ్ళి చేసుకోని మనిషి. ఎవరూ లేవలేదు. పాస్టరుగారు తలెత్తి చూశారు, కాసేపు ఆగారు, తర్వాతి పేరుకి వెళ్ళిపోయారు.

పాస్టరుగారు ఆగిన ఆ కాస్సేపూ నాతో ఇంటికి వచ్చేసింది. నా పేరు చదివినా ఇంతే కదా అనిపించింది. అసలు చదువుతారా, నేను వాళ్ళ సభ్యుల పుస్తకంలో లేను కదా అని కూడా అనిపించింది. అన్నం వండుకుంటున్నా, టీవీ పెట్టుకున్నా అదే ఆలోచన. చావంటే భయం లేదు గాని, ఆ ఖాళీ అంటే భయం పట్టుకుంది.

ఆ తర్వాతి వేసవిలో పాస్టరుగారు ఒక పని అప్పగించారు. తెల్లవాళ్ళ కాలం నాటి సమాధుల రిజిస్టరు చెదలు పట్టి పోతోంది. అసలుని భద్రం చేయడానికి పంపించేస్తారట, ఇక్కడ చేతిరాత నకలు ఒకటి ఉండాలట. "మీ అక్షరం ముత్యాల్లా ఉంటాది కదమ్మా, మీకూ కాలక్షేపం" అన్నారు. ఒంటరి ఆడవాళ్ళకి కాలక్షేపం చూపించడం అందరికీ సరదాయే. అయినా ఒప్పుకున్నాను.

మధ్యాహ్నం భోజనమయ్యాక వెళ్ళేదాన్ని. కాపలా ఉండే సింహాచలం తలుపు తీసి, గేటు దగ్గర నీడలో కూర్చునేవాడు. నేను మా బెంచీలోనే కూర్చుని రాసుకునేదాన్ని. పేరు, వయసు, ఏం పని చేసేవాడు, దేనితో పోయాడు, ప్రార్థన ఎవరు చదివారు. కలరా, జ్వరం, కాన్పు, మళ్ళీ జ్వరం. పసిపిల్లలే ఎక్కువ. ఓడ దిగి ఇక్కడి ఎండకి ఒక్క వేసవి కూడా ఆగనివాళ్ళున్నారు. వీళ్ళనీ ఇక్కడ ఎవరూ ఎరగరు కదా అనుకుంటూ రాశాను.

మా ఆఫీసులో నకలు రాశాక ఒకరు అసలుని పైకి చదవాలి, ఇంకొకరు నకలు మీద వేలు పెట్టుకుని సరిచూడాలి. ఇక్కడ రెండో మనిషి లేరు. అందుకని ఫోనులో రికార్డు పెట్టి నేనే పైకి చదివి, ఇంటికెళ్ళి అది వింటూ సరిచూసుకునేదాన్ని.

అలా చదువుతుంటే హెన్రియెటా అని ఒక పసిపిల్ల పేరు వచ్చింది. చదవగానే వెనక బెంచీ కిర్రుమంది. ఆ వెంటనే ఇంకోసారి.

చెక్క కదా, ఎండకి పగులుతుంది అనుకున్నాను. తర్వాతి పేరు చదివాను. ఈసారి వేరేచోట ఒక కిర్రు. ఎండకి చెక్క టప్పుమంటుంది. ఇది అది కాదు. కుంగిన పలక తేరుకునే చప్పుడు. ఎన్నో ఆదివారాలు విన్న చెవులు నావి.

పక్షులా, పిల్లులా అని బెంచీల కింద వంగి చూశాను. మర్నాడు ఎదురుగా కూర్చుని, బెంచీలన్నిటినీ చూస్తూ చదివాను. ఏ బెంచీ కదిలినట్టు కనిపించలేదు, చప్పుడు మాత్రం వచ్చింది. సరే చూద్దామని పేపర్లో ఎన్నికల అభ్యర్థుల పేర్లు గట్టిగా చదివాను. వాళ్ళకోసం ఒక్క బెంచీ కూడా లేవలేదు. నవ్వుకుని మళ్ళీ రిజిస్టరు తీశాను. మళ్ళీ కిర్రు.

ఫోనులో ఆ చప్పుడు లేదు. నా గొంతూ, కాకులూ, అంతే. కానీ వింటుంటే ఒకటి తెలిసింది. పేరుకీ పేరుకీ మధ్య నేను ఆగుతున్నాను. ఎవరో మళ్ళీ కూర్చునేదాకా ఆగినట్టు. అలా ఆగుతున్నానని చదివేటప్పుడు నాకు తెలియదు.

పసిపిల్లలకి ఎప్పుడూ రెండు చప్పుళ్ళు. భార్యలకి ఒకటి. కొందరికి ఏమీ లేదు. బ్యాండులో బాకా ఊదేవాడు ఒకడున్నాడు, టామస్ అని. ఇంటిపేరు కూడా రాయలేదు. వాడి పేరు చదివి ఆగాను. చర్చి నిశ్శబ్దంగా ఉంది. టీచరమ్మ గుర్తొచ్చింది. నాకేం తోచిందో, పెన్ను కింద పెట్టి నేనే లేచి నిలబడ్డాను. ఆ తర్వాత చప్పుడు రాని ప్రతి పేరుకీ లేచాను. మోకాళ్ళ నొప్పులతో లేచి కూర్చోవడం ఏమంత సులువు కాదు. ఎవరైనా చూస్తే పిచ్చి పట్టిందనుకునేవారే. కానీ ఆయన పోయాక నేను ఒంటరిగా లేనట్టు గడిచిన మధ్యాహ్నాలు అవే.

ఆఖరి పేజీ అయిపోయిన రోజున నాకు దిగులేసింది. రేపట్నుంచి రానక్కర్లేదు. పుస్తకాలు గుడ్డలో కట్టేశాను. ఫోను ఆపేశాను. అప్పుడు ఎందుకో నా పేరు పైకి చదివాను, రిజిస్టరులో రాసి ఉన్నట్టే. పైడితల్లి, సత్యానందం భార్య, నకళ్ళు రాసే మనిషి. ఆ చర్చిలో ఆ పేరు ఎవరూ గట్టిగా పలికి ఉండరు.

ఆగాను. ఏమీ లేదు. బయట ఆటో ఏదో వెళ్ళింది. ఇంకాసేపు ఆగాను. నా మీద నాకే కోపమొచ్చింది. కళ్ళు తుడుచుకుని గొడుగు తీసుకుని లేచాను. నా బెంచీ ఒక్కటే కిర్రుమంది. పోనీలే, నాకు నేనైనా లేచాను అనుకుని గుమ్మం వైపు నడిచాను.

గుమ్మం దగ్గరికి వచ్చాక వెనక కిర్రుమంది. ఒకటి కాదు. ఇక్కడొకటి, అక్కడొకటి, దూరదూరంగా. ఒంటరిగా వచ్చి ఎవరి బెంచీలో వాళ్ళు కూర్చున్నవాళ్ళు లేస్తే ఎలా ఉంటుందో అలా. మా బెంచీ వైపు నుంచీ ఒకటి వచ్చింది. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నట్టు మాత్రం అనిపించలేదు. నేను వెనక్కి తిరగకుండా అక్కడే గొడుగు పట్టుకుని నిలబడిపోయాను.

గేటు దగ్గరికి వెళ్ళేసరికి సింహాచలం తలపాగా తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"పార్దన ఐపోనాదేటమ్మా? అంత జనం ఎప్పుడొచ్చినారు? నాను గేటు కాడే ఉన్నాను, సూడనేదు" అన్నాడు.

"ఎవరూ రాలేదు సింహాచలం" అన్నాను.

"మరి లెగిసిన సప్పుడైనాది?" అన్నాడు.

పాస్టరుగారికి చెబితే టేకు సంగతి, ఎండ సంగతి చెప్పారు. అవన్నీ నాకు తెలుసు. సింహాచలం విన్నదాన్ని ఏ కాలమ్‌లో రాయాలో మాత్రం తెలియలేదు. ఆ తర్వాత మరో మధ్యాహ్నం వెళ్ళి కూర్చున్నాను. ఏ చప్పుడూ రాలేదు. అదేమిటో ఇప్పటికీ చెప్పలేను.

ఆ రోజు వెనక్కి తిరిగి ఎందుకు చూడలేదని అందరూ అడుగుతారు. భయపడ్డాననుకుంటారు. భయం కాదు. తిరిగి చూస్తే అక్కడ ఎవరూ ఉండరని నాకు తెలుసు.