దేశం కోసం మంచం మీద

2003 ప్రపంచ కప్పు ఫైనల్ జరిగే ఆదివారం. బుద్ధి ఉన్నవాళ్లంతా టీవీల ముందు చాపలు పరుచుకుంటుంటే నేను పొద్దున ఆరింటికి మదనపల్లె బస్టాండులో చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాను. కర్ర నాకు కాదు, కుప్పంలో ఉండే మా బావ మునిరత్నానికి.

బావ గ్రానైటుకు పాలిష్ పట్టే పని చేసేవాడు. పోయినేడు ఒక రాతి పలక జారి కాలి మీద పడింది. పలక హార్సిలీ కొండంత ఉందని నేను మదనపల్లెలో చెబుతుంటాను గానీ, నిజానికి తలుపంత. ఎముక అతుక్కుంది, కట్టు విప్పారు. రోజూ నడవకపోతే మోకాలు బిగుసుకుపోతుందని డాక్టరు హెచ్చరించాడు. తీరా బావ గోడ పట్టుకుని మొదటిసారి లేచి నిలబడిన రోజే మనవాళ్లు లీగు మ్యాచ్‌లో ఆస్ట్రేలియా చేతిలో చిత్తుగా ఓడారు. తర్వాతి మ్యాచ్‌కు ఆయన పడుకున్నాడు, గెలిచారు. మళ్లీ పడుకున్నాడు, మళ్లీ గెలిచారు. ఆపైన వీధి వీధంతా ఏకమై ఆయన్ని మంచం దిగనివ్వలేదు. నొప్పికి జడిసే మనిషి కాబట్టి ఆయనకూ అది సుఖంగానే ఉంది. ఉండబట్టలేక మా చెల్లెలు రెడ్డెమ్మ ఎస్టీడీ బూత్ నుంచి నాకు ఫోన్ చేసింది.

“అన్నా, మీ బావ దేశం కోసం పండుకోనుండాడంట. ఇట్లే ఉంటే కాలు కట్టెయిపోతాది. నువ్వొచ్చి లేపు.”

బస్సులో టమోటా గంపలకు సీట్లు దొరికాయి, మనుషులకు దొరకలేదు. నా కర్ర కిటికీ పక్కన కుదురుకుంది, నేను ఒంటికాలి మీద వేలాడాను. పక్కన గంపల మధ్య ఇరుక్కుని కూర్చున్న పుంగనూరు కిరాణా కొట్టాయన కర్రను ఎగాదిగా చూశాడు.

“కర్ర యాల తీసుకపోతాండావప్పా? ఓడిపోతే టీవీ పగలగొట్టేదానికా?”

గెలిస్తే జెండా కట్టడానికన్నాను. ఆయన వెంటనే జరిగి, నా నడుములో సగానికి సరిపడా చోటిచ్చాడు.

పుంగనూరులో టిఫినుకు ఆపారు. ఇడ్లీని గోడకేసి కొడితే బంతిలా తిరిగొచ్చేలా ఉంది. ఈ ఊరి ఆవులు పొట్టివని పేరు, ఆ హోటల్లో టీ గ్లాసు వాటికంటే పొట్టిది. ఈ దారిన వచ్చేవారు రెండు టీలు చెప్పుకోవడం మంచిది. హోటలాయన టీవీకి పూలమాల వేసి, ఎదురుగా కొబ్బరికాయ సిద్ధంగా పెట్టుకున్నాడు. అక్కణ్నుంచి పలమనేరు, వి.కోట మీదుగా బస్సు పరిగెత్తిన తీరు చూస్తే, టాస్ వేయాల్సింది మా డ్రైవరేనేమో అనిపించింది. పదిన్నరకల్లా కుప్పంలో దిగాను.

బావ ఇంట్లో గది అగ్గిపెట్టెంత, అందులో జనం తిరునాళ్లంత. మధ్యలో మంచం మీద బావ, కింద కొత్త పరుపు. ఆ పరుపు ఎదురింటి పరుపుల వ్యాపారి ఖాదర్ బాషా దేశం కోసం ఉచితంగా కుట్టిచ్చింది. ఎవరు ఏ మూల కూర్చోవాలో నిర్ణయించేదీ ఆయనే. నేను కర్ర చేతికిచ్చి, లే బావా అన్నాను. బాషా నన్ను శత్రుదేశపు గూఢచారిని చూసినట్టు చూశాడు.

“ఏమప్పా, ఆస్ట్రేలియా వాళ్లు గానీ పంపినారా నిన్ను?”

ఈ ఒక్క మ్యాచ్ అయిపోనీ, రేపు నడుస్తానన్నాడు బావ. నెల రోజులుగా ఆ రేపు వింటున్నానంది రెడ్డెమ్మ వంటింట్లోంచి.

మ్యాచ్ మొదలైంది. ఆస్ట్రేలియా వాళ్లు మూడు వందల యాభై దాటించారు. అన్ని పరుగులు లెక్కపెట్టేసరికి నాకు గడ్డం పెరిగింది. మన ఆట మొదలైన మొదటి ఓవర్లోనే పెద్ద బ్యాట్స్‌మన్ అవుటయ్యాడు. బాషా మనుషులను ఆ మూలనుంచి ఈ మూలకు మార్చి మార్చి అలిసిపోయాడు. అప్పుడు రెడ్డెమ్మ పిండి చేతులతో గడప దగ్గరకొచ్చింది.

“పండబెట్టి సూసినారు గదా బాషాన్నా. లేపి సూడు.”

బాషా టీవీ వైపు ఒకసారి, మంచం వైపు ఒకసారి చూశాడు. తర్వాత సేనాధిపతిలా చెయ్యెత్తాడు.

“లెయ్ మునిరత్నం.”

బావ ముఖంలో నెత్తురు లేదు. కాలు నిలవదు బాషా, పడిపోతానని గొణిగాడు. వినే నాథుడు లేడు. ఇద్దరు చంకల కింద పట్టుకుని లేపారు, నేను కర్ర అందించాను. పాదం నేల మీద ఆనించాడు, పళ్లు బిగించి ఒక అడుగు వేశాడు. ఫోర్. వాకిలి చేరేసరికి సిక్సర్. ఇక ఆయన్ని కూర్చోనిస్తే ఒట్టు. వంటింటి నుంచి వాకిలికి, వాకిలి నుంచి వంటింటికి. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నా, బౌలరు కదలగానే బావ కూడా కదిలాడు. ఒకసారి మంచినీళ్లు తాగడానికి కూర్చున్నాడు, బాగా ఆడుతున్న ఓపెనరు రనౌటయ్యాడు. నలభై జతల కళ్లు ఆయన మీద పడ్డాయి. ఈసారి ఎవరూ లేపకుండానే గ్లాసు వదిలేసి లేచాడు.

ఆ తర్వాత ఆయన నడిచినా వికెట్లు పడుతూనే వచ్చాయి. జనం ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు. రాత్రి భోజనాల వేళకు అంతా ముగిసింది. బాషా టీవీ కట్టేసి, గోడకు తల ఆనించి కూర్చున్నాడు. బావ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

“అయిపోయింది, కూర్చో బావా,” అన్నాను.

“తెలుసులే. మోకాలు ఇప్పుడే వంగతాండాది, ఉండు.”

రెడ్డెమ్మ గభాలున వంటింట్లోకి తిరిగింది. చాలాసేపు గిన్నెల చప్పుడే వినిపించింది.

మర్నాడు పొద్దున బావ కర్ర పొడుచుకుంటూ వీధి చివరిదాకా వచ్చి నన్ను సాగనంపాడు. ఒక పక్క బాషా కావలి. మళ్లీ కప్పు ఎప్పుడని బావ అడిగాడు. నాలుగేళ్లకన్నాను.

“అంత దాకా పండుకోలేనప్పా,” అన్నాడు.

మదనపల్లె బస్సు చావింటిలా ఉంది. రేడియో లేదు, మాట లేదు. వి.కోట దాటాక, బావ చేతిలో గ్లాసు వదిలేసి లేచిన తీరు గుర్తొచ్చి నాకు నవ్వు ఆగలేదు. ఆ బస్సులో నవ్వితే నడిరోడ్డు మీద దించేస్తారని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు నా వీపు మీద చెయ్యేశాడు.

“ఊరుకోప్పా,” అన్నాడు. “నువ్వొకడివేనా, నేనూ రాత్రి కూడు తినలా.”