పాత ప్రతులలో లేని వచనాలు

మా నాన్నను సమాధి చేసి నెల కాలేదు. మా గేరిలో ఆయన మాట వస్తే ఇప్పటికీ ఒకటే అంటారు: భార్యను పాము కరిస్తే వాక్యం చదవని ఉపదేశి. ఆ మాటకు నేను చాలా ఏళ్ళు తల దించుకున్నాను. ఇప్పుడూ ఎత్తుకోలేదు, కారణం మాత్రం మారింది.

మా ఊరు నందికొట్కూరుకు అవతల. మిషన్ దొర రాని ఆదివారాల్లో గుడిలో నాన్నే ప్రసంగం చేసేవాడు. జొన్నచేలల్లో పాములెక్కువ. మా పెద్దలు క్రైస్తవులైన నాడే పాము మంత్రగాడి దగ్గరికి పోవడం మానుకున్నారు. మానుకున్నారే గాని ఆ చోటు ఖాళీగా ఉంచలేదు. విశ్వాసులను పాములూ విషాలూ ఏమీ చేయవని బైబిల్లో రెండవ సువార్త చివర కొన్ని వచనాలున్నాయి. ఎవరినైనా పాము కరిస్తే తెరిచిన పుస్తకం కాటు మీద పెట్టి, నాన్న చేత ఆ వచనాలు చదివించేవారు. చాలామంది బతికేవారు. కరిచిన వాటిలో విషం లేనివే ఎక్కువని ఎవరికీ తోచలేదు.

ఒక వేసవిలో ఉపదేశులందరికీ కడపలో పాఠాలు పెట్టారు. సువార్తలు ఎట్లా పుట్టాయో, ఎన్ని చేతులు వాటికి నకళ్ళు రాశాయో ఒక దొర చెప్పాడట. అన్నిటికన్నా పాత గ్రీకు ప్రతులలో ఈ వచనాలు లేవనీ, తర్వాత ఎవరో చేర్చి ఉంటారనీ అన్నాడట. నాన్న లేచి, ఆ ప్రతులున్న దేశంలో పాములుండవేమో అయ్యా, మా కాడ శానా ఉండాయి అన్నాడట. అందరూ నవ్వారట. ఈ సంగతి ఆయన ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏటి జొన్నకోతలో మా అమ్మను పాము కరిచింది. నేను కర్నూలు బడి నుంచి సెలవులకు వచ్చి ఉన్నాను. అమ్మను గట్టున పడుకోబెట్టారు. ఎవరో పరుగున పోయి పుస్తకం తెచ్చి నాన్న చేతిలో పెట్టారు.

అమ్మ ఆయన ముఖం చూసి, "సదువు" అంది.

నాన్న పుస్తకం మూసి, బండి కట్టమన్నాడు. ఆసుపత్రి చేరకముందే, బండిలోనే అమ్మ పోయింది.

సమాధి దగ్గర సంఘపెద్ద అందరి ముందర అడిగాడు. "ఏమప్పా, ఊరందరికీ సదివితివి. నీ ఇంటి మనిషికి సదవకపోతివే?"

"నాకు విశ్వాసం చాల్లేదప్పా," అన్నాడు నాన్న.

ఆయన చేత ప్రసంగాలు మాన్పించారు. సందులో పోతుంటే, ఉపదేశీ, పామొచ్చె అని పిల్లలు అరిచేవారు. నేను సెలవులకు ఊరికి రావడం తగ్గించుకున్నాను.

పెద్దయ్యాక నేనూ దైవశాస్త్రం చదివాను. తరగతిలో పాత ప్రతుల సంగతి విన్న వారమే ఇంటికి వచ్చి నాన్నను అడిగాను. అప్పుడే కడప సంగతి చెప్పాడు. నాకు గర్వం కలిగింది. నిజం తెలిసీ, సంఘం నమ్మకం చెడకూడదని నింద తన మీద వేసుకున్నాడనుకున్నాను. అదే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"తప్పు నాదే నాయనా. విషానికి ఆ మాటలు పనికిరావని నాకు తెలుసు. మీ అమ్మ విషానికి అడగలేదు, భయపడి అడిగె. పాత ప్రతిలో లేకుంటే ఏమి, ఆమెకు కంఠతా వచ్చిన మాటలవి. బండి కడుతుండంగ సదవొచ్చుండె. నా సదువు అడ్డమొచ్చె."



మొన్న ఆయన సమాధి దగ్గర వాక్యం నన్ను చదవమన్నారు. ఆ సువార్త చివరి అధ్యాయమే తీశాను. ప్రభువు ఖాళీ సమాధి చూసిన ఆడవాళ్ళు భయపడి, ఎవరితోనూ ఏమీ చెప్పక పారిపోయే చోట పాత ప్రతులు ముగుస్తాయి. ఇప్పుడు నేనూ దైవశాస్త్రం చెప్పేవాణ్ణే; తరగతిలో పాఠం చెప్పే అలవాటు కొద్దీ అక్కడే ఆపి పుస్తకం మూశాను.

ఆ సంఘపెద్ద ముసలివాడై, కర్ర ఆనుకుని నిలబడి ఉన్నాడు. "ఆడికే నిలిపితివేమప్పా? ఇంకా ఉండాది గదా," అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు. పక్కనే అమ్మ సమాధి ఉంది.

పుస్తకం మళ్ళీ తెరిచి మిగతాది చదివాను. పాముల మాట వచ్చేసరికి నా గొంతు తగ్గింది. వినపడలేదని వెనకనుంచి ఆడవాళ్ళన్నారు. ఆ వచనం మళ్ళీ చదివాను.