నెలకో సైజు తారాబాయి

బోధన్ బజారులో తారాబాయి ఒంటి కొలత నెలకోసారి మారేది. మనిషి మాత్రం మారేది కాదు. చక్కెర ఫ్యాక్టరీ గుమాస్తా భార్య, ఎండిన చెరుకు గడ లాంటి మనిషి. అయినా బాపురావు బట్టల దుకాణంలో ఒక నెల జాకెట్ లోపల తొడిగే బాడీ ముప్పై రెండు అడిగేది, మరు నెల నలభై. ఎవరికమ్మా అంటే, రోడ్డవతల టాంగావాళ్లకు కూడా వినబడేట్టు చెప్పేది:

"నాకే!"

"గిదేం బీమారి తాయీ?" అని బాపురావు నెత్తి గోక్కునేవాడు.

"బీమారి గాదు. గానుగ సీజన్ల నిండుత, సీజనైపోతె పిప్పయిత. నువ్వు డబ్బా దియ్యి."

వర్ని నుంచి కాపురానికొచ్చి పక్క వాటాలో బీడీలు చుట్టే రేణుకమ్మకు ఈమెతో బజారుకు పోవాలంటే తల కొట్టేసినట్టుండేది. కానీ రేణుకమ్మకూ ఒక బాధ ఉంది. జాకెట్ నంబరే బాడీ నంబరనుకొని ముప్పై ఎనిమిది కొనేది. బిర్రుగా బిగిస్తే నలభై. పట్టీలు భుజాల్లోకి దిగి, మధ్యాహ్నానికల్లా చెయ్యి లేచేది కాదు. ఇట్లయితే బీడీలు మానుకోవాల్సిందే అనుకుంది.

భుజం మీది ఎర్రచారలు తారాబాయి కంటపడ్డాయి. "ఎన్నడన్న కొలుసుకున్నవా?"

"జాకెట్ కొలతున్నది గదక్కా."

"గదే తప్పు! నంబరు రొమ్ము కింది పక్కబొక్కలది, అక్షరం రొమ్ముది. నీకు సాలనిది కప్పు, నువ్వు పెంచుతున్నది నంబరు. ఎనక పట్టీ వదులై వీపెక్కుతది, బరువంత భుజాల మీద పడ్తది."

బీడీ దారం మూడేసి మూరల ముక్కలు రెండు తెంపి ఇచ్చి, తను గోడవైపు తిరిగింది. "ఒకటి రొమ్ము కింద బిర్రుగ, ఒకటి రొమ్ము మీద వదులుగ. సుట్టుకొని కత్తిరించియ్యి. నేను సూడ."

స్కేలు పెడితే కింద ముప్పై నాలుగు, మీద ముప్పై ఏడు.

"అంగుళం తేడా ఏ, రెండు బీ, మూడు సీ. నువ్వు ముప్పై నాలుగు సీ. నడువ్!"

"నేను రానక్కా!"

"ఎట్ల రావో సూస్త."

దుకాణంలో నలుగురు మగవాళ్లు ధోవతులు చూస్తున్నారు. రేణుకమ్మ దుప్పట్ల కట్ట వెనక్కి జరిగింది.

"ముప్పై నాలుగు సీ ఒకటి!"

"పోయిన నెల నలభై బీ గదా తాయీ?"

"పోయిన నెల పోయింది. గిది నాకే!"

నాలుగు తలలూ తారాబాయి వైపే తిరిగాయి. రేణుకమ్మను ఒక్కడూ చూడలేదు.

మర్నాడు కొత్త బాడీతో సాయంత్రం దాకా రేణుకమ్మ చెయ్యి బీడీల మీద ఆగలేదు. అప్పుడు వెలిగింది. నలభై ఎదురింటి భీమవ్వది. ముప్పై రెండు మూలింటి కొత్త కోడలిది. గల్లీ ఆడవాళ్ల సిగ్గంతా ఈ బక్క మనిషి ఒక్కతే మోస్తోంది.

"అక్కా, మరి నీ సైజెంత?"

తారాబాయి మొదటిసారి నీళ్లు నమిలింది. "నాకెందుకే... పాతది నడుస్తున్నది."

"ఎన్నడన్న కొలుసుకున్నవా?"

రేణుకమ్మ కూడా మొండిదే. దారం చేతిలో పెట్టి, లోపలికి నెట్టి, బయట కూచుంది. లోపల తలుపు గడియ పడింది. కిటికీ మూసుకుంది. తర్వాత గోడకున్న ఆంజనేయుడి క్యాలెండర్ వెనక్కి తిప్పిన చప్పుడైంది.

చాలాసేపటికి తలుపు కింది సందులోంచి రెండు దారపు ముక్కలు బయటికొచ్చాయి. వాటి వెనకే సన్నగా గొంతు:

"మొఖం అటు తిప్పుకొని తీస్కో పిల్లా."